మొదటి ఊరు ఎక్కడ పెట్టాలి?

సివిలైజేషన్ ఆరు అనే కంప్యూటర్ ఆట మొదలైనప్పుడు ప్రతి ఆటగాడి చేతిలో ఉండేది ఇద్దరే. ఊరు పెట్టడానికి ఒక సెట్లర్, వెంట కాపలాకు ఒక వారియర్. కాలం క్రీస్తుపూర్వం 4000. చుట్టూ ఆరు మూలల గడులు, కొన్ని గడులు దాటితే ఏముందో కనిపించదు. సెట్లర్‌ను నిలబడిన చోటే ఆపి ఊరు పెట్టొచ్చు, లేదంటే ఇంకా మంచి చోటు కోసం నడిపించొచ్చు. నడిపిస్తే వంతులు పోతాయి. పెట్టిన ఊరిని లేపి ఇంకోచోట పెట్టడానికి లేదు. ఆట ఐదు వందల వంతుల దాకా సాగొచ్చు గానీ, సగం ఫలితం మొదటి పది ఇరవై వంతుల్లోనే తేలిపోతుందని ఆడేవాళ్లు అంటారు. మేమూ అంటాం.

సెట్లర్ అనగానే హైదరాబాదు వైపు వాళ్లకు వేరే అర్థం తోస్తుంది. మనబోటి కుటుంబాలకు మాత్రం అది ఇంటిపేరు లాంటిదే. ఎన్ని తరాల క్రితమో దక్షిణానికి దిగివచ్చి, కోవిల్పట్టి కరిసల్ మీద ఊళ్లు పెట్టుకున్నవాళ్ల పిల్లలం. కరిసల్ అంటే నల్లరేగడి, ఇది చదివేవాళ్లలో చాలామందికి చెప్పనక్కర్లేదు. నాయన పత్తి మిల్లు పని మీద దావణగెరెకు పోవడంతో మేము చదివింది కన్నడ మీడియం. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసుకుని బతుకుతున్నాం. తెలుగు అక్షరాలు మాకు కన్నడ అక్షరాల మీదుగానే వచ్చాయి. తలకట్టు అనే మాట కూడా రెండింటికీ ఒకటే కాబట్టి పెద్ద కష్టం కాలేదు. కోవిల్పట్టిలో ఉన్న చిన్నాయన ఇంటివాళ్లూ విరుదునగర్‌లో ఉన్న పెదనాయన ఇంటివాళ్లూ ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం తమిళం. అంటే ఈ వ్యాసం వాళ్లకు ఫోనులో చదివి వినిపించాలి.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆరుగురం కలిసి ఈ ఆట మొదలుపెట్టాం. కోవిల్పట్టి చెల్లి, విరుదునగర్ అన్న, దావణగెరెలోనే ఉండిపోయిన బావ, మేము, అన్న స్నేహితుడైన ఒక సాత్తూరు అబ్బాయి, మా ఆఫీసులోని ఒక కన్నడాయన. అందరూ ఒకేసారి కూర్చునే తీరిక ఎవరికుంది? అందుకే ప్లే బై క్లౌడ్ పద్ధతిలో పెట్టుకున్నాం. ఒకరు తమ వంతు ఆడి వదిలేస్తే తర్వాతివాళ్లకు కబురు పోతుంది, వీలున్నప్పుడు వాళ్లు ఆడతారు. బాగా జరిగిన వారంలో రోజుకో చుట్టు. పండగల్లో నాలుగు రోజులకో చుట్టు.

ముందు ఎత్తులు ఆలోచించుకోవడానికే ఒక వారం పట్టింది. టెస్టర్ల అలవాటు తెలిసిందే కదా, ఏది బాగా జరుగుతుందో తర్వాత, ఏది చెడిపోవచ్చో ముందు రాస్తాం. మొదటి పది వంతులకు ఒక కాగితం తయారుచేసి మా వాళ్లందరికీ పంపాం. నది పక్కన కొండ దొరికితే ఇంకేమీ చూడక్కర్లేదు. మంచినీళ్లున్న ఊరికి ఇళ్లు ఐదు, సముద్రం ఒడ్డున మూడు, ఏ నీళ్లూ లేకపోతే రెండే. ఇళ్లు చాలకపోతే జనం పెరగరు. మైదానపు కొండ మీద పెట్టిన ఊరు మొదటి రోజు నుంచే రెండు తిండి, రెండు ఉత్పత్తి ఇస్తుంది, చదును నేల మీద ఉత్పత్తి ఒకటే. ఒకటికీ రెండుకీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రెండో సెట్లర్‌ను తయారుచేయడానికి 80 ఉత్పత్తి కావాలి, అప్పుడు తెలుస్తుంది దాని విలువ. మంచి చోటు కోసం రెండు వంతులకు మించి నడవొద్దు అని రాశాం. మొదట 30 పెట్టి ఒక స్కౌట్‌ను చేసి దారులు చూసిరమ్మనాలి, తర్వాత 35 పెట్టి వడిసెల పట్టినవాణ్ణి. బార్బేరియన్ల వేగు మన ఊరిని చూసి తిరిగి వాళ్ల గుడారానికి చేరాడంటే వెనకే దండు వస్తుంది, కాబట్టి వాణ్ణి దారిలోనే పట్టుకోవాలి.

కంప్యూటరుతో ఆడేటప్పుడు ఇంతవరకు చాలు. మనుషులతో ఆడేటప్పుడు ఇది సగమే. కాపలా లేకుండా నడిచే సెట్లర్‌ను పక్కవాడు యుద్ధం ప్రకటించి ఎత్తుకుపోవచ్చు. మీరు చూసుకున్న కొండనే ఇంకొకడూ చూసుకుని ఉండొచ్చు. రెండు ఊళ్ల మధ్య కనీసం మూడు గడులు ఖాళీ ఉండాలని ఆట నియమం, అంటే ముందు కూర్చున్నవాడు తన గడినే కాదు, చుట్టూ ఉన్న చోటును కూడా మూసేస్తాడు. మంచి నేల ఏదో వెతకడం ఒక పని. ఎవరూ పోట్లాటకు రాని నేలలో ఏది పనికొస్తుందో వెతకడం ఇంకో పని. పదిమంది ఆడే ఆటలో రెండోదే అసలు పని అని మా లెక్క.

అవ్వకు ఇదంతా చెబితే ఒకటే అడిగింది, మీ ఆటలో దాయం పడాల్సిన పనిలేదా అని. కోవిల్పట్టి వైపు ఆడే దాయం ఆటలో ఒకటి పడితేగానీ కాయ లోపలికి రాదు. పక్కవాళ్ల కాయలు సగం దూరం పోయినా మనం బయటే కూర్చుని కట్టెలు దొర్లిస్తూ ఉండాలి. మేము దావణగెరెలో ఆడిన చౌకాబారకు ఆ బాధ లేదు. ఆంధ్రలో దాన్నే అష్టాచెమ్మా అంటారు. ఈ కంప్యూటర్ ఆటలోనూ అందరూ ఒకేసారి లోపలికి వస్తారు. అదృష్టం కాయలో ఉండదు, పడిన నేలలో ఉంటుంది. అవ్వకు అది నచ్చలేదు. నేల అదృష్టమేమిటి, కూర్చున్నవాడి చేతిలో ఉంది అంది.

రహస్యాలన్నీ తెలుగులో మాట్లాడుకుందాం, మిగతా ఇద్దరికీ అర్థం కాదు అని బావ ఒక సలహా ఇచ్చాడు. దావణగెరెలో ఆ ఎత్తు పారుతుంది. సాత్తూరు అబ్బాయి ముందు తెలుగు రహస్యమా అని అవ్వ పడీపడీ నవ్వింది. కోవిల్పట్టి నుంచి విరుదునగర్ దాకా రైలు దారి పొడుగునా బజారుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎంతమంది! ఆ అబ్బాయి ఇంట్లో కూడా తెలుగే అని తర్వాత తేలింది. అయినా తెలుగులో రాసుకోవడం మాత్రం ఆగలేదు. చెల్లీ అన్నా తమిళ అక్షరాల్లో తెలుగు రాస్తారు, బావ కన్నడ అక్షరాల్లో, మేము తెలుగు అక్షరాల్లో. తమిళంలో త-ద, క-గ, ప-బ లకు వేరువేరు అక్షరాలు లేవు కదా, చెల్లి "దాడి వద్దు" అని రాస్తే తమిళం వచ్చిన ఎవరికైనా అది గడ్డం వద్దు అన్నట్టే కనిపిస్తుంది. ఆట అంతా మా అన్న గడ్డం మీదే నడుస్తోందని సాత్తూరు అబ్బాయి ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఇక అసలు సంగతి. ఎట్టయపురం దారిలో మాకు ఏడెకరాల వానాధారపు పొలం ఉంది, ఒక బావి ఉంది. పంపకాల్లో బావి పెదనాయన భాగంలోకి పోయింది. బావి దగ్గరికి దారి ఎవరిది, ఎండాకాలంలో నీళ్లు ఎవరికెన్ని రోజులు అన్నది కాగితం మీద ఎక్కలేదు. అప్పటినుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురైతే ఇద్దరూ మా నాయనతో మాట్లాడతారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. పిల్లలు కూడా అలాగే అలవాటుపడ్డారు. ఆటకు చెల్లినీ అన్ననూ ఇద్దరినీ పిలిచింది మేమే. ఆటే కదా అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మొదటి వంతు తెరిచిన రాత్రి అందరం ఫోనులో ఉన్నాం. చెల్లి తన నేల ఎలా ఉందో చెప్పింది: తానున్నది ఎండు మైదానం, దగ్గర్లో పత్తి, పడమటగా ఒక నది, నది మీద ఒక కొండ, దాని పక్కన అరటి, రాయి. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత తమిళంలో, నాకు తూర్పున నది, నది మీద కొండ, పక్కన అరటి, రాయి అన్నాడు. ఒకటే కొండ. ఇద్దరికీ రెండు వంతుల దూరం. వంతుల వరసలో చెల్లి ముందు, అన్న తర్వాత. మా కాగితం ప్రకారం చెల్లి ఒక్కక్షణం కూడా ఆలోచించకుండా నడవాలి. అది తప్ప ఇంకో మాట ఆ కాగితంలో లేదు.

చెల్లి ఆ రాత్రి ఆడలేదు. తెల్లారి చిన్నాయనకు తెర చూపించింది.

చిన్నాయన ఆ గడులన్నీ చూసి మొదట అడిగింది, ఇందులో కరిసల్ ఏది అని. ఆటలో పచ్చిక ఉంది, మైదానం, ఎడారి, మంచు ఉన్నాయి. నల్లరేగడి లేదు. చేసినవాళ్లకు తెలిసినట్టు లేదు. తెలిసి ఉంటే నీళ్లులేని ఊరికి ఇళ్లు రెండే అని రాసి ఉండేవాళ్లు కాదని మా అభిప్రాయం. కోవిల్పట్టికి నది లేదు. విరుదునగర్‌ది కూడా నదిని నమ్ముకుని బతికే నేల కాదు. తామ్రపర్ణి ఒడ్డు పొలాలు మనవాళ్లు రాకముందు ఎన్నో శతాబ్దాల నుంచే కాలువలు, చెరువులతో నిండి ఉన్నాయి, అక్కడ ఖాళీ గడి లేదు. ఆలస్యంగా వచ్చిన వడుగులకు మిగిలింది ఎండు నేల. అయితే అది వాళ్లకు తెలిసిన నేల. ఉత్తరాన అదే నల్లమట్టిలో పత్తీ జొన్నా పండించిన చేతులు. డేవిడ్ లడెన్ 1985లో అచ్చైన తిరునెల్వేలి సీమ రైతుల చరిత్రలో ఈ వలసల గురించి రాశారు. కోవిల్పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో వచ్చిన గోపల్ల గ్రామం నవలలో ఆ కథనే తమిళంలో చెప్పారు. పారిపోయి రావడం, అడవి కొట్టి పొలం చేసుకోవడం, ఊరు నిలబడటం. తొట్టియన్లను తరుముతుంటే పొంగు చెట్లు వంగి ఏటి మీద వంతెనగా నిలిచాయన్న కథను ఎడ్గర్ థర్స్టన్ 1909 నాటి సంపుటాల్లో నమోదు చేశాడు. మన కుటుంబ చరిత్రల్లో మాత్రం డెబ్బై రెండు పాళయాల గురించి, 1799లో కయత్తారులో ఉరితీయబడిన కట్టబొమ్మన గురించి రాసినంతగా ఈ మొదటి ఎత్తు గురించి ఎవరూ రాయరు. కత్తి పట్టినవాళ్ల కంటే నేల చూసి కూర్చున్నవాళ్లే ఎక్కువమంది ఉండి ఉంటారు కదా.

చిన్నాయన చెల్లికి చెప్పింది పురట్టాసి విత్తనాల సంగతి. ఈశాన్య రుతుపవనం ఐప్పసిలో ఊపందుకుంటుంది. వాన పడ్డాక విత్తుదామంటే కరిసల్‌లో కాలు పెట్టలేం, బురద పట్టుకుంటే నాగలీ దిగదు, ట్రాక్టరూ దిగదు. ఆరేదాకా ఆగితే అదును పోతుంది. అందుకే వానకు ముందే, పొడి దుక్కిలో, ఎండాకాలపు నెర్రెలు ఇంకా పూడకముందే విత్తుతారు. విత్తనం రెండంగుళాల లోతున పడాలి. పైపైన వేస్తే మొదటి చిన్న జల్లుకే మొలిచి, తర్వాత వారం ఎండకు మాడిపోతుంది. లోతుగా వేస్తే ఆ జల్లు తడి దాన్ని చేరదు, మంచి వాన పడి తడి కిందికి దిగాకే కళ్లు తెరుస్తుంది. 1901 నుంచి ఉన్న కోవిల్పట్టి వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్లు కూడా ఈ పొడి విత్తనాల మీద చాలా పనిచేశారు. చిన్నాయన వాళ్ల నాయన కరుంగణ్ణి పత్తి ఇలాగే వేసేవాడట.

"ఆ కొండ తొలి జల్లు" అన్నాడట చిన్నాయన. "దాని వెంట పరుగెత్తితే రెండు వంతులు పోతాయి, అన్నతో పోట్లాట పోయినా పోదు. కాళ్ల కింద పత్తి ఉంది, కూర్చో."

పెదనాయన మాట వేరు. విరుదునగర్ పప్పుల మండీలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి ఆయన. కంది ఎక్కడ పండినా, మిరప ఎక్కడ ఎండినా, ధర తేలేది విరుదునగర్‌లో అని ఆయన నమ్మకం. అన్నకు ఆయన చెప్పింది, కొండ ఎవరిదైనా కానీ, బండి దారి నీ ఊరి మీదుగా పోవాలి అని. ఈ ఆటలో వర్తకుడు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిస్తే వెనక దారి పడుతుంది, ఆ దారి మీద తర్వాత అందరూ తొందరగా నడవొచ్చు. చూశారా, ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు ఒకే పటాన్ని చూసి, ఒకరు నేలను చూశారు, ఒకరు దారిని చూశారు.

రెండో రాత్రి చెల్లీ అన్నా నేరుగా మాట్లాడుకున్నారు. మేము లైనులో ఉన్నాం గానీ నోరు మెదపలేదు. పంపకాల తర్వాత వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. చివరికి ఐదు వాక్యాలు రాసుకున్నారు, తెలుగులో, తమిళ అక్షరాల్లో. కొండ అన్నది. చెల్లి ఉన్నచోటే ఊరు పెడుతుంది. అన్న తన రెండో ఊరిని నదికి ఇవతల పెట్టడు. అన్న మొదటి వర్తకుడు చెల్లి ఊరికే రావాలి. చెల్లికి నీళ్లు తెచ్చుకునే రోజు వచ్చినప్పుడు నది పక్క గడి ఆమెకు వదలాలి.

ఆ చివరి వాక్యం దగ్గర ఇద్దరూ కాసేపు ఆగారు. అది ఆట గురించి మాత్రమే కాదని లైనులో ఉన్న అందరికీ తెలుసు.

ఎత్తుగా చూస్తే చెల్లిది మంచి మొదలేనా? ఆడేవాళ్లు ఎవరైనా కాదంటారు. నీళ్లులేని రాజధానిలో జనం పెరుగుదల తొందరగా కుంటుపడుతుంది. అయితే ఆమె మొదటి వంతులోనే కూర్చుంది, అన్నకు రెండు వంతులు నడక పట్టింది. కుండల విద్య ముందు నేర్చుకుని గాదె కట్టింది, గాదెతో రెండు ఇళ్లు పెరిగాయి. మెల్లగా ఒక సెట్లర్‌ను తయారుచేసి, వారియర్‌ను వెంట ఇచ్చి, తూర్పున ఎవరూ చూడని సరస్సు పక్కకు పంపింది. పడమట కాపలా పెట్టాల్సిన అవసరం లేకపోవడం వల్లే ఆ వారియర్ ఖాళీగా ఉన్నాడు. ఆ ఒక్క లెక్క మా కాగితంలో ఎక్కడా లేదు, పక్కవాణ్ణి నమ్మగలిగితే ఎన్ని ఉత్పత్తులు మిగులుతాయన్నది. ఇప్పుడు రెండో కాగితంలో దానికి ఒక వరస పెట్టాం.

ఇదే ఆటలో ఇంకో నియమం ఉంది, 2018లో వచ్చిన రైజ్ అండ్ ఫాల్ భాగంలో. ప్రతి ఊరి జనం తొమ్మిది గడుల దాకా పక్క ఊళ్ల మీద ఒత్తిడి పెడతారు, గడి గడికీ పదో వంతు తగ్గుతూ. చిన్న ఊరి చుట్టూ పెద్ద పరాయి ఊళ్లుంటే కొన్నాళ్లకు అది మన మాట వినడం మానేసి వాళ్లలో కలిసిపోతుంది. ఈ లెక్క ప్రకారం మన ఇళ్లలో తెలుగు ఎప్పుడో పోయి ఉండాలి. మా అవ్వకు ఈ నియమం ఇంకా చెప్పలేదు.

పురట్టాసి మొదట్లో చెల్లి నుంచి గుంపులో ఒక సందేశం వచ్చింది. ఆట సంగతే అనుకుని తెరిచాం. "ట్రాక్టర్ సోమవారం వస్తుంది. బావి పక్క చేను కూడా కలిపి దున్నించేదా అని నాయన అడగమన్నాడు." అన్న ఒక రోజు జవాబివ్వలేదు. తర్వాత రోజు రెండు మాటలు రాశాడు: "దున్నించమన్నాడు. డబ్బు పంపుతాడు." బావి దారి సంగతి ఇంకా తేలలేదు, ఎవరూ ఎత్తలేదు కూడా. చిన్నాయన మాత్రం ఆ ఐదు వాక్యాలు మళ్లీ ఒకసారి చదివించుకున్నాడని, ఐదోది రెండుసార్లు చదవమన్నాడని చెల్లి చెప్పింది.

ఇప్పుడు ఆట అరవయ్యో వంతు దగ్గరుంది. సాత్తూరు అబ్బాయి అందరికంటే ముందున్నాడు, నాలుగు ఊళ్లు. కన్నడాయన సముద్రం పట్టుకుని కూర్చున్నాడు. అన్న వర్తకుడు మాత్రం చెల్లి ఊరికి చేరడానికి పదిహేను వంతులు ఆలస్యంగా బయల్దేరాడు, మధ్యలో ఏవో వేరే పనులకు తిప్పాడట. దాని మీద రోజూ ఇద్దరికీ గొడవే, రాత్రి పదకొండు దాకా, తెలుగులో.